తెల్లసెంప మీద నేను నాటిన చెట్లు

మా అమ్మమ్మ ఊరి కొండ గురించి నాకు ఖచ్చితంగా తెలిసిన విషయాలు నాలుగు. ఒకటి, దాని ఎత్తు సముద్ర మట్టానికి నూట ఇరవై ఎనిమిది మీటర్లు, నేనే కొలిచాను. రెండు, అది సున్నపురాయి. విశాఖపట్నం చుట్టూ ఉన్న కొండలన్నీ తుప్పు పట్టిన ఇనుము రంగులో ఉంటే, ఇదొక్కటే సముద్రం వైపు తెల్లమొహం వేసుకుని నిలబడి ఉండేది. మూడు, ఊరివాళ్లు దాన్ని సున్నాల కొండ అంటారు. నాలుగోది నాకు ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా తెలియలేదు. తెలియక నేను చేసిన పని గురించే ఇదంతా.

రాయి సంగతి ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనే తేల్చాను. ల్యాబు నుంచి చిన్న సీసాలో పలచటి యాసిడ్ తెచ్చి, కొండ కింద దొరికిన రాతిముక్కను పొడి చేసి దాని మీద రెండు చుక్కలు వేశాను. బుసబుసమంటూ నురగ లేచింది. పక్కన నిలబడి చూస్తున్న మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, కాసేపు ఆ నురగ వైపూ కాసేపు నా వైపూ చూశాడు.

“రాయికి కూడా పొంగొత్తాదేటిరా?”

“సున్నపురాయికి వస్తుంది మావా. అందుకే పరీక్ష చేశాను.”

“సున్నాల కొండ మీద రాయి సున్నపురాయేనని తేల్చడానికి కాలేజీకెల్లాలేటి?”

మా అమ్మవాళ్లది సముద్రం మీద వేట చేసే ఇల్లు. మావయ్యకు ఒక ఫైబర్ తెప్ప ఉంది. నాన్న ఉద్యోగం వల్ల నేను మాత్రం విశాఖ వన్ టౌన్ ఇరుకు సందుల్లో, ఆటో హారన్ల మధ్య పెరిగాను. ఊరికి వెళ్లేది సెలవులకే. సముద్రాన్ని ఒడ్డున కూర్చుని చూడటం వరకే నా అనుభవం.

బస్సు దిగగానే ‘చారిత్రక గ్రామం’ అనే బోర్డు కనిపిస్తుంది. మొదటి అక్షరాన్ని ఉప్పుగాలి తినేసింది. చరిత్ర మాత్రం ఉన్నమాటే. ఎప్పుడో ఓడల్లో వచ్చిన పరదేశి వర్తకుల రాతి సమాధులు, కప్పు లేని గిడ్డంగి గోడలు, ఒడ్డున ఒక పాత దీపస్తంభం ఉన్నాయి. వాటన్నిటికీ సున్నం ఈ కొండదే. కొండ సముద్రం వైపు భాగాన్ని తవ్వి, రాయి కాల్చి, గానుగలో బెల్లం నీళ్లు పోసి నూరి కట్టుబడికి వాడారట. పడవల మీద వన్ టౌన్‌కు కూడా తోలారని, మేం అద్దెకున్న పాతింటి గోడల్లో ఉన్నది ఈ కొండ సున్నమేనని అమ్మమ్మ అనేది. దానికి ఆధారం లేదు. కానీ ఆ గోడల్లోకి మేకు దిగేది కాదు.

అలా తవ్వగా మిగిలిన భాగమే ఆ తెల్లమొహం. దాదాపు అరవై మీటర్ల వెడల్పు, గడ్డిపోచ లేని రాయి.

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో మా కాలేజీ సేవా శిబిరం వాళ్లు మొక్కలు నాటడానికి ఒక బోడి కొండను వెతకమన్నారు. నేను వెంటనే సున్నాల కొండ పేరు ఇచ్చాను. కాగితం మీద కారణాలు మూడు రాశాను: నీడ లేని కొండ, బస్సు సౌకర్యం, పక్కనే నీళ్ల బోరు. నాలుగో కారణం రాయలేదు. అది మా అత్త వండే చేపల పులుసు.

నలభై మందిమి పది రోజులు పనిచేశాం. నూట ఎనభై గుంతలు తవ్వాం. తవ్వాం అనడం కంటే గునపాలతో పగలగొట్టాం అనడం సరైనది. ప్రతి గుంతలో మట్టి, పేడ నింపి వేప, కానుగ, సుబాబుల్ మొక్కలు పెట్టాం. ప్రతి గుంతకూ నేనొక నంబరు ఇచ్చి, ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు తీసి ఎక్సెల్ షీటులో ఎక్కించాను. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. నాకు అలా చేస్తేనే నిద్ర పడుతుంది.

మావయ్య రోజూ సాయంత్రం కొండ కిందకు వచ్చి నిలబడేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని పైకి చూసి అడిగేవాడు.

“అల్లుడూ, ఇయ్యి బతుకుతాయంటావా?”

“బతుకుతాయి మావా.”

“మేకలు తినెయ్యవూ?”

నిజమే కదా అనుకుని మర్నాడు ముళ్లకంప తెచ్చి చుట్టూ కంచె కట్టించాను. మూడో రోజు ఆయన ఇంకో ప్రశ్న వేశాడు.

“ఎండాకాలం మాడిపోవూ?”

అదీ నిజమే. ద్వారకా నగర్‌లో టిఫిన్ సెంటర్ల వెనక పడేసిన నీళ్ల సీసాలు రెండు బస్తాలు పోగుచేసి, అడుగు కోసి, మూతకు సన్నటి బెజ్జం పెట్టి, ప్రతి మొక్క పక్కన ఒకటి తలకిందులుగా పాతాను. ఆ ఎండాకాలం రెండు వారాలకోసారి వచ్చి నింపాను. ఊళ్లో ఈ మొక్కల గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించే మనిషి మా మావయ్య ఒక్కడే అని కాలేజీలో అందరికీ చెప్పుకున్నాను.

నూట ఎనభైలో నూట యాభై ఒకటి బతికాయి. సుబాబుల్ అయితే సున్నపు నేలను పుట్టిల్లు అనుకుంది. నాలుగు వానాకాలాలు గడిచేసరికి కొండ తెల్లమొహం పచ్చబడిపోయింది. నాకు స్టీల్ ప్లాంట్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర సర్వే ఉద్యోగం వచ్చింది. కొలిమికి వెళ్లాల్సిన సున్నపురాయి గుట్టల చుట్టూ తిరిగి వాటి ఘనపరిమాణం కట్టడం నా పని. వారమంతా తెల్లటి గుట్టల్ని కొలిచి, ఆదివారం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి ఊరికి వెళ్తుంటే, మలుపు తిరగ్గానే నా పచ్చటి కొండ కనిపించేది. పక్క సీట్లో ఎవరున్నా సరే, చూపించకుండా ఉండలేకపోయేవాణ్ని.

ఈమధ్య ఒక ఆదివారం వెళ్లినప్పుడు అత్త నా కంచంలో కోడిగుడ్ల పులుసు వేసింది. వేట చేసేవాళ్ల ఇంట్లో ఆదివారం పూట కోడిగుడ్లు. నేను పులుసు వైపు, తర్వాత అత్త వైపు చూశాను.

“అలగ సూడకు. సేపలు దొరికితే వండనా?” అంది అత్త. “మీ మావ తెప్ప అమ్మేత్తన్నాడు. బుదవారం పక్కూరి మనిషి సూసుకోడానికి వొత్తాడు.”

“తెప్ప అమ్మేసి ఏం చేస్తాడు?”

“పెద్ద బోట్ల మీద వాటాకెల్తాడంట. ఏబై ఏళ్లొచ్చీసినాక ఇంకొకడి కింద తాడు లాగుతాడంట.”

“ఎందుకు అత్తా? ఏమైంది?”

“జాగా పోయింది.”

ఆ జాగా సంగతి నాకు కొంత తెలుసు. ఒడ్డు నుంచి ఆరు కిలోమీటర్ల దూరంలో, నీటి అడుగున ఒక రాళ్ల తిప్ప ఉంది. చుట్టూ బురద, మధ్యలో చిన్న ఇంటి పెరడంత రాయి. చేపలు ఆ రాళ్లను పట్టుకునే ఉంటాయి. దాన్ని కనిపెట్టింది మా తాత. పైనుంచి చూస్తే అక్కడ నీళ్లు తప్ప ఏమీ ఉండవు కాబట్టి ఒడ్డు మీది గుర్తుల్ని బట్టి వెళ్లాలి. రెండు వస్తువులు ఒకదాని మీదకి ఒకటి వచ్చినట్టు కనిపిస్తే అదొక గీత. అలాంటి ఇంకో గీత దాన్ని ఎక్కడ కోస్తే అక్కడ జాగా. మేం కాలేజీలో మూడు నెలలు నేర్చుకున్న పాఠాన్ని మా తాత తెడ్డు వేస్తూ చేసేవాడన్నమాట.

జాగా ఉన్నవాడు గుర్తులు ఎవరికీ చెప్పడు. ఇంకో తెప్ప దగ్గరికి వస్తే గేలం తాళ్లు పైకి లాగేసి, ఇంజను చెడిపోయినట్టు దాని మీదకి వంగి కూర్చుంటాడు. కొడుక్కి కూడా ముందు ఒక గీతే చెబుతారు. రెండోది చెప్పడానికి ఏళ్లు పడుతుంది.

“గుర్తులు ఉన్నాయి కదా, జాగా ఎలా పోతుంది?” అన్నాను.

అత్త గరిటె గిన్నెలో పెట్టేసింది. “ఒక గుర్తు నాకు తెలుసు. రెండోది పెల్లానికి కూడా సెప్పడులే. లైటౌసు నెత్తి మీదకి తెల్లసెంప రావాల. ఆ తెల్లసెంపే కనపడ్డం నేదు.”

“తెల్లచెంప అంటే?”

“కొండకి తెల్లగా ఉండేది కాదేటి, సముద్రం ఏపు? నువ్వు సెట్లేసినావు. అదే.”

నా నాలుగో విషయం అది. ఆ తర్వాత ఆ కంచంలో అన్నం ఎలా తిన్నానో గుర్తులేదు.

మావయ్య ఒడ్డున తెప్ప నీడలో కూర్చుని గేలాలు సరిచేస్తున్నాడు. అమ్మబోయే తెప్పకు గేలాలు ఎందుకు సరిచేస్తున్నాడో నేను అడగలేదు. ఎదురుగా కూర్చున్నాను.

“మావా, ఆరేళ్ల కిందట ఒక్క మాట చెప్పొచ్చు కదా.”

ఆయనకు వెంటనే అర్థమైంది. ఇంటివైపు ఒకసారి కోపంగా చూసి, మళ్లీ గేలం మీదకి వంగాడు.

“ఏటని సెప్పాల? నలబై మంది పిల్లలు, సుట్టూ ఊరంతా ఉన్నారు. అక్కడ మొక్కలెయ్యకండర్రా అంటే ఎందుకంటారు. నా జాగా గుర్తదేనని మైకులో సెప్పీమంటావా?”

“నాకు చెవిలో చెప్పొచ్చు.”

“నీకు సెవిలో సెప్తే నువ్వు కాయితం మీద రాసీసుకుంతావు.”

నేను ఫోన్ ఉన్న జేబును చేత్తో కప్పుకున్నాను.

“ఆ రాతి మీద ఏటి మొలుత్తాదిలే అనుకున్నాను,” అన్నాడు మావయ్య. “మేకలు తినేత్తాయనుకున్నాను. నువ్వు కంచె కట్టేసినావు. ఎండకి పోతాయనుకున్నాను. నువ్వు సీసాలు పాతేసినావు. నానేటంటే నువ్వు దానికి మందు సూసీసినావు. తప్పు మాది. నిన్ను సదివించకుండా ఉండాల్సింది.”

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన చివరికి ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇది: మొదట్లో ఆకుల మధ్య నుంచి తెలుపు కొంచెం కొంచెం కనిపించేది. రెండేళ్ల నుంచి ఉజ్జాయింపుగా వెళ్తున్నాడు. పోయిన ఏడాది వానల తర్వాత కొండ పూర్తిగా కప్పుకుపోయింది. అప్పటినుంచి అడుగు చూడటానికి దింపే సీసం గుండుకు ఒక్కసారి కూడా రాయి తగల్లేదు.

“జీపీఎస్‌లో పెట్టుకోవలసింది కదా మావా? అందరి దగ్గరా ఉన్నాయి.”

“మా తోడల్లుడు పెట్టుకున్నాడు. మెషీను బాగుసెయ్యమని ఒకడికిచ్చినాడు. ఇంక వారం తిరిగేతలికి ఆడి జాగా మీద పదకొండు తెప్పలు. అయినా కొండ ఎక్కడికెల్తాదిలే అనుకున్నాను.”

అప్పుడు నాకు నా షీటు గుర్తొచ్చింది. గుంతల నంబర్లు, వాటి అక్షాంశ రేఖాంశాలు. అంటే ఆ తెల్లచెంప ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నా దగ్గర అంకెల్లో ఉంది. దీపస్తంభం ఎటూ కదల్లేదు. రెంటినీ కలిపి గీత గీసి సముద్రంలోకి పొడిగిస్తే మొదటి గీత తయారు. కావలసింది రెండోది.

“రెండో గుర్తు చెప్పు మావా. జాగా నేను లెక్క కట్టి ఇస్తాను.”

ఆయన వల మీద కూర్చున్న కాకిని తోలాడు. బీడీ వెలిగించి, రెండు దమ్ములు లాగి ఆర్పేశాడు. అటూ ఇటూ చూసి, వేలితో ఇసుక మీద రెండు దిబ్బలు గీశాడు.

“ఇది కైలాసగిరి. ఎనకాల ఇది డాల్ఫిన్ కొండ ముక్కు. లోపలికెల్తన్న కొద్దీ దీని ఎనక నుంచి అది బయటకొత్తాది. ముక్కు కొన అప్పుడే ఊడొచ్చినట్టు కనిపించాల. ఎక్కువ రాకూడదు.”

నేను చూశానో లేదో, పాదంతో తుడిపేశాడు.

“రాయకు,” అన్నాడు.

“రాయను,” అన్నాను. లెక్క కట్టడానికి రాయాలి కదా అని తర్వాత తట్టింది. రాసి, పని అయ్యాక ఆ కాగితం చింపేశాను.

ఆ మధ్యాహ్నమంతా అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. తెల్లచెంప అంచుల్లో ఉన్న గుంతల్ని తీసుకుని దాని నడిమధ్య బిందువు కనుక్కున్నాను. గీతలు రెండూ చక్కగా కోసుకున్నాయి. అక్కడి అక్షాంశం, రేఖాంశం ఫోన్‌లో ఎక్కించాను. మావయ్య భుజం మీదుగా తొంగిచూసి, “అంకెలకి సేపలు పడతాయేటి?” అన్నాడు. కానీ అమ్మకం సంగతి బుధవారం చూద్దామని, మంగళవారం ఇద్దరం వెళ్దామని ఒప్పుకున్నాడు. నేను సెలవు పెట్టాను.

మంగళవారం పొద్దెక్కాక బయల్దేరాం. నేను తీసుకెళ్లినవి: ఫోన్, చార్జింగ్ బ్యాటరీ, నీళ్లు, నిమ్మకాయలు రెండు, వాంతి మాత్రలు నాలుగు. మావయ్య తీసుకెళ్లినవి: గేలాలు, ఎర, ఒక సీసం గుండు, సబ్బు ముక్క. అలలు దాటకముందే నా మాత్రల వల్ల ప్రయోజనం లేదని తేలిపోయింది.

“అటేపు కక్కు, గాలికి ఎదురుగా కక్కితే నీకే వొత్తాది,” అన్నాడు మావయ్య చుక్కాని పట్టుకుని. “పర్లేదులే, సేపలకి మేత. మీ తాత పేరు సెప్పుకో. ఆ ముసిలోడు తుపానులో కూడా చుట్ట కాల్చినోడు.”

అరగంట తర్వాత ఫోన్ చెప్పిన చోటికి చేరాం. మావయ్య ఇంజను ఆపి కైలాసగిరి వైపు చూశాడు. డాల్ఫిన్ కొండ ముక్కు సరిగ్గా కొన వరకే బయటపడి ఉంది. ఆయన తల ఊపాడు. సీసం గుండు అడుగున సబ్బు అంటించి తాడు వదిలాడు. అడుగున ఏముంటే అది సబ్బుకు అంటుకుని వస్తుంది. గుండు మెత్తగా దిగింది. పైకి తీసి చూస్తే సబ్బు నిండా బూడిదరంగు బురద.

“బురద,” అన్నాడు.

పది మీటర్లు జరిగి మళ్లీ వేశాం. బురద. ఇంకో వైపు వేశాం. బురద. గంటసేపు అలా సబ్బు అరిగిపోతూ వచ్చింది.

“ఫోన్ మూడు మీటర్లకి మించి తప్పదు మావా,” అన్నాను తెప్ప అంచు పట్టుకుని.

“మెషీన్ తప్పు సెప్పదు. నువ్వే తప్పు సెప్పుంటావు.” ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది. తాడు చుట్టడం మొదలుపెట్టాడు. “పోన్లేరా. సూసినాం కదా. ఎల్లిపోదాం. రేపు ఆ మనిషి ఎలాగా వొత్తాడు.”

ఆ తాడు చుట్టలు చుట్టలుగా తెప్పలో పడుతుంటే, నేను మళ్లీ మొదటి మెట్టు నుంచి లెక్క వేసుకున్నాను. దీపస్తంభం సరే. రెండో గీత సరే, కళ్ల ముందే ఉంది. ఇక మిగిలింది చెంప.

“మావా, దీపస్తంభం మీదకి తెల్లచెంపలో ఏ భాగం రావాలి?”

“ఏ భాగమేటి? సెంప.”

“చెంప అరవై మీటర్ల వెడల్పు ఉంది. నడుమా, ఎడమ అంచా, కుడి అంచా?”

ఆయన నన్ను జాలిగా చూశాడు. “సెంపంటే సార కదరా. కన్నీటి సార. సెంప మీద నల్లగా దిగుంటాది. సార లైటౌసు మీద కూచోవాల.”

“ఆ మాట ఎప్పుడు చెప్పావు మావా?”

“నువ్వెప్పుడడిగినావు?”

నిజమే. అన్నీ అంకెల్లో రాసే నేను ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. చెంప అనగానే నడిమధ్య అని నేనే అనేసుకున్నాను. పుట్టినప్పటినుంచీ చూస్తున్న మనిషికి, అందులో వేరే చెప్పాల్సింది ఏమీ కనిపించలేదు.

ఫోన్‌లో పాత ఫోటోలు తెరిచాను. మొక్కలు నాటకముందు తీసినవి. ఆయనకు చూపిస్తే మొహం చిట్లించాడు.

“ఇదేటి? ఇది మన కొండ కాదు.”

“మన కొండే. కింద నుంచి తీశాను.”

“ఇలగ ఉండదు. సముద్రం నుంచి ఇంకోలాగుంటాది.” వేళ్లతో పెద్దది చేసి అటూ ఇటూ జరిపాడు. ఆయన గోటి కింద చేప పొలుసు మెరుస్తోంది. ఒక్కసారి ఆగాడు. “ఇదిగో. ఇదే. ఇక్కడ మొదలవుతాది.”

తెల్లరాతి మీద పైనుంచి కిందకి సన్నటి నల్లటి మరక. కొండ లోపలి తేమ ఊరి ఊరి వేసిన చార. దాని పక్కన వేసిన పద్నాలుగు మొక్కల్లో ఒక్కటీ చావలేదు. అది ఆ మట్టి గొప్పదనమని అప్పట్లో నా నివేదికలో రాశాను. అది నీళ్ల ఊట గొప్పదనమని ఇప్పుడు తెలిసింది.

ఆ గుంతల అంకెలు ఫోన్‌లో ఉన్నాయి. చార నేను తీసుకున్న నడిమధ్య కంటే దక్షిణానికి ఇరవై ఎనిమిది మీటర్లు. కొండ నుంచి దీపస్తంభానికి ఎనిమిది వందల మీటర్లు, అక్కడి నుంచి మాకు ఆరు వేలు. కత్తెరలో ఒక కొన ఇటు జరిగితే రెండో కొన అటు జరిగినట్టు, కొండ మీద దక్షిణానికి తప్పిన ఇరవై ఎనిమిది మీటర్లు సముద్రంలో ఉత్తరానికి రెండు వందల పది అవుతాయి. రెండుసార్లు లెక్క వేశాను. మధ్యలో ఒకసారి తెప్ప అంచు మీదకి వంగాల్సి వచ్చింది.

“ఉత్తరానికి మావా. ముక్కు కొన అలాగే ఉంచి ఉత్తరానికి పోనీ.”

“ఎంత?”

“నేను చెప్పేదాకా.”

“అబ్బో,” అన్నాడు. కానీ ఇంజను తాడు లాగాడు.

నేను చెయ్యి ఎత్తిన చోట ఆపి, గుండు వదిలాడు. తాడు ఆయన వేళ్ల మధ్య నుంచి జారుతూ జారుతూ ఉంది. ఆగింది. ఆయన దాన్ని ఒక జానెడు పైకి లాగి వదిలాడు. మళ్లీ లాగి వదిలాడు. తాడు నా చేతికి ఇచ్చాడు.

నేనూ లాగి వదిలాను. ఇంత లోతు నుంచి, ఇంత తాడు దాటి, అరచేతిలో టక్‌మని తగిలింది.

గుండు పైకి తీశాం. సబ్బుకు బురద లేదు. నడుమ పెద్ద సొట్ట, అందులో గవ్వ పెంకు ముక్క ఒకటి ఉన్నాయి. మావయ్య ఆ పెంకు ముక్కను తీసి తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత ఆయన అంత వేగంగా గేలాలకు ఎర గుచ్చడం నేనెప్పుడూ చూడలేదు. ముందు పార చేపలు రెండు పడ్డాయి. తర్వాత నా మోచేతి నుంచి వేళ్ల దాకా ఉన్న కోనెం చేప ఒకటి తెప్పలో పడి, నా నిమ్మకాయల్ని చెల్లాచెదురు చేసింది.

“అంకెలకి సేపలు పడ్డాయి కదా మావా?”

“గేలానికి పడ్డాయి,” అన్నాడు. ఆయన మొహం మాత్రం ఇంకోలా ఉంది.

కాసేపటికి నా ఫోన్ వైపు వేలు చూపించాడు. “అందులో ఇది ఉందేటి?”

“ఉంది. భద్రంగా ఉంటుంది.”

“తీసీ.”

“మావా, ఇది ఉంటే ఇంక ఎప్పుడూ జాగా పోదు.”

“నీ ఫోను పోదేటి? తీసీ.”

తీసేశాను. నిజం చెప్పాలంటే అక్షాంశం చివరి మూడు అంకెలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. రేఖాంశం మాత్రం ఆ రోజు కడుపులో ఉన్న మిగతావాటితో పాటు సముద్రంలో కలిసిపోయింది.

“మరి మళ్లీ ఎలా వస్తావు? చెంప కనిపించదు కదా,” అన్నాను. “చార పక్కన ఉన్న పద్నాలుగు చెట్లూ కొట్టించేస్తాను. వచ్చే ఆదివారం నలుగురిని తెస్తాను. తెలుపు మళ్లీ బయటపడుతుంది.”

ఆ మాట అనడానికి నాకు కొంచెం కష్టమైంది. ఆ పద్నాలుగింటికీ చేత్తో నీళ్లు పోసినవాణ్ని.

మావయ్య కొండ వైపు చూస్తున్నాడు. అంత దూరం నుంచి అది ముదురు ఆకుపచ్చ మూట లాగా ఉంది. దాని ముందు దీపస్తంభం అగ్గిపుల్లంత ఉంది. ఆయన కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక కన్ను మూసి, మళ్లీ తెరిచాడు. తెప్ప అలకు లేచి దిగుతోంది.

“కొట్టొద్దు,” అన్నాడు.

“మరి గుర్తు?”

“గుర్తంటే తెల్లగానే ఉండాలేటి? అల్లుడూ, అటు తిరుగు.”

“ఎటు?”

“సముద్రం ఏపు తిరుగు. నాను సెప్పేదాకా ఇటు సూడకు.”

తిరిగాను. ముందు అంతా సముద్రం. పోర్టులోకి పిలుపు కోసం లంగరు వేసుకుని ఎదురుచూస్తున్న ఓడలు ఏడు. వాటిలో రెండు నిండుగా నీళ్లలోకి దిగి ఉన్నాయి, ఐదు ఖాళీగా పైకి తేలి ఉన్నాయి. వెనక మావయ్య తనలో తను ఏదో గొణుక్కుంటున్నాడు. తెడ్డు ఒకసారి నీళ్లలో పడింది. తెప్ప కాస్త పక్కకి తిరిగింది, మళ్లీ వెనక్కి వచ్చింది. “ఊఁహూఁ” అన్నాడు. తెడ్డు మళ్లీ రెండుసార్లు నీళ్లలో పడింది. తర్వాత, “ఆఁ. అదీ,” అన్నాడు.

“తిరగనా?”

“ఉండు.”

ఫోన్ తీసి అత్తకు చేశాడు. గాలికి వినపడక ఇద్దరూ అరుచుకున్నారు. “ఆ మనిషిని రేపు రావొద్దను... నేదు, రోగం రాలేదు... తెప్పకి పనుంది... ఆడు ఒడ్డుకి కక్కుకుంటూ వొత్తాడు, మజ్జిగ సెయ్యి... ఆఁ, దొరికింది. దొరికిందంటన్నానా!”

అవతల అత్త ఏమందో నాకు వినపడలేదు. ఆయన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కాసేపు ఊరికే విన్నాడు. తర్వాత జేబులో పెట్టుకుని, “ఇంక తిరుగు,” అన్నాడు.

“ఏ చెట్టు మావా?”

“సెట్టని ఎవడు సెప్పినాడు?”

“సరే, చెట్టే అనుకుందాం. అది పెరుగుతుంది కదా. అప్పుడు గుర్తు మారదూ?”

“పెరిగితే ఎత్తుగా కనిపిత్తాది. కొంచెం మారితే నాను కొంచెం మారతాను. నెలకి పదిసార్లొత్తాను, నాకు తెలీదేటి?” గేలం తాడు వేలికి చుట్టుకుని నీళ్లలోకి వదిలాడు. “నువ్వు ఎల్లి ఆ కొండకి ఇంకో నాలుగు మొక్కలెట్టాలంటే మాత్రం ముందు నన్నడుగు.”

అడుగుతానన్నాను. తాడు ఆయన వేలు మీద ఒక్కసారి బిగిసింది. ఇద్దరం మాటలు ఆపి నీళ్లలోకి చూశాం.